ఒక గ్లాసు టీకి పోయిన స్వెట్టరు

మా బావ దుకాణంలో బాగు చెయ్యకుండా వదిలేసిన వస్తువంటూ ఒకటే ఉండేది. పై అరలో, గోడవైపు తోసిపెట్టిన బూడిదరంగు చేతిసంచి. దాని జిప్పు సగం దాకా వచ్చి పళ్లు విడిపోయేది. ఊరందరి జిప్పులూ బాగుచేసే మనిషి దాన్ని మాత్రం ముట్టుకునేవాడు కాదు. చలికాలం మొదలవగానే కిందికి దించి, అందులో కలరా ఉండలు కొత్తవి వేసి, మళ్లీ పైన పెట్టేసేవాడు. ఎవరో బాగుకిచ్చి మరిచిపోయారు కాబోలు, ఈయన మొహమాటానికి దాచిపెట్టాడు అనుకునేవాణ్ని.

దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. సూట్‌కేసులు, చేతిసంచులు, బడిపిల్లల బ్యాగులు. చక్రం ఊడినవి, పిడి విరిగినవి, అడుగు చిరిగినవి. నేను లోపల కుట్టుమిషను మీద కూర్చుంటాను, ఆయన గుమ్మం దగ్గర పీట మీద. గుమ్మం దగ్గర కూర్చోవడం ఆయన హక్కు, ఎందుకంటే మాట్లాడేది ఆయన. సైన్యం నుంచి వచ్చేశాక మా అక్కను చేసుకున్నాడు, ఈ దుకాణం పెట్టాడు, నన్ను తెచ్చి మిషను మీద కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి నా చెవులకు సెలవు లేదు.

పగిలేలా కుక్కిన సూట్‌కేసు ఎవరైనా తెస్తే, "సార్, దీనికి జిప్పు కాదు, ఆపరేషను కావాలి. రక్తం ఎక్కించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అనేవాడు. రేపటికల్లా కావాలని తొందరపెడితే, "రేపటిదాకా నేనుంటే నేనిస్తా. పోతే మా బామ్మర్ది ఇస్తాడు. వాడు ఈ పీట కోసం ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. ఉంటే ఉంది. పొద్దున్నే చావు మాటెత్తే మనిషి పక్కన కూర్చుంటే ఎవరికైనా ఉంటుంది.

కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. ఆయన సైన్యం కథలు చెబుతుంటే అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. అందులోనూ వేలం కథ. చుట్టాలొచ్చినా, స్నేహితులొచ్చినా, "బావా, ఆ వేలం కథ చెప్పు" అని నేనే ఎక్కించేవాణ్ని.

కథేమిటంటే, కొండల మీద వీళ్లదొక చిన్న కాపలా శిబిరం. రోజూ కొంతమంది గస్తీకి వెళ్లాలి. వెళ్లినవాళ్లు వస్తారో రారో తెలియదు. అందుకని వెళ్లేవాళ్ల వస్తువులు వాళ్లు బతికుండగానే వేలం వెయ్యడం ఒక ఆట. వేలం వేసేది మా బావ. అక్కడ ఆయన పేరే 'వేలం సారు'. గస్తీకి వెళ్లే ప్రతివాడూ ఏదో ఒక వస్తువు ముందు పెట్టాలి. చేతిగడియారం, అద్దం, కొత్త బూట్లు, ఏదైనా సరే. పాట డబ్బుల్లో కాదు. నీ బదులు గిన్నెలు తోముతానని ఒకడు, నీ కాపలా నేను కాస్తానని ఒకడు, నీళ్ల డబ్బాలు మోస్తానని ఇంకొకడు. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! పోయింది! మనిషి కూడా పోతే శాశ్వతం, తిరిగొస్తే వాడి అదృష్టం" అని మా బావ పళ్లెం మీద గరిటెతో కొట్టేవాడు.

ఇక అసలు నియమం. పాడుకున్నవాడు ఆ వస్తువు అప్పుడే తీసుకుని వాడుకోవచ్చు. వెళ్లినవాడు సాయంత్రం తిరిగొచ్చి, అందరి ముందూ, వాణ్ని వెనక నుంచి ఒక్క తన్ను తన్ని, వస్తువు లాక్కోవాలి. ఆ తన్ను కోసమే అందరూ ఎదురుచూసేవాళ్లు. చావు లెక్క పొద్దున్నే తేల్చేశాం కాబట్టి మళ్లీ మన జోలికి రాదని వాళ్ల నమ్మకం. నమ్మకమో పిచ్చో గానీ, చాలా రోజులు అలాగే జరిగింది.

"ఎన్ని తన్నులు తిన్నానురా బామ్మర్దీ! నా అంత సంతోషంగా తన్నులు తిన్నవాడు ఈ భూమ్మీద లేడు" అని కథ ముగించేవాడు బావ. మేం పొట్ట పట్టుకునేవాళ్లం. ఆ ఆట ఎప్పుడు ఆగిపోయిందని మాలో ఒక్కరం కూడా అడగలేదు. కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం.

మొన్న చలికాలంలో ఒక ఫోను వచ్చింది. శిబిరంలో ఈయనతో పాటు పనిచేసినాయన. కట్లు కట్టే పెట్టె మోసేవాడట, అందుకని అందరూ 'డాక్టరు' అనేవాళ్లు. మా బావ జిగురు పూస్తూ, చేతులు ఖాళీ లేక ఫోను పీట మీద పెట్టి, గొంతు బయటికి వినబడేలా నొక్కాడు. ఆయన అలవాటే అది. దుకాణంలో రహస్యాలుండవు.

"నిచ్చెన కూతురు ఫోను చేసిందిరా. పిల్లకు ఉద్యోగం వచ్చిందట. నాన్న స్నేహితులందర్నీ భోజనానికి పిలుస్తోంది. నువ్వూ, నేనూ, గురకగాడూ."

మా బావ చేతిలో కుంచె ఆగిపోయింది.

"ఇంకోమాట. వాళ్లమ్మ ఇప్పటికీ వాడు ఆ స్వెట్టరు ఒంటిమీద ఉండగానే పోయాడనుకుంటోంది. ఇంటికి పంపిన సామాను పెట్టెలో స్వెట్టరు లేదని అప్పట్లో అడిగితే, తొడుక్కునే ఉంటాడని ఆఫీసువాళ్లు చెప్పారట. అదే ఆవిడకు ఓదార్పు. నువ్వు అక్కడ నోరు జారకు."

"సరే" అన్నాడు బావ. అంతే. ఒక్క జోకు లేదు. మధ్యాహ్నం దాకా ముగ్గురు వచ్చి వెళ్లారు, ముగ్గురికీ మామూలుగా సమాధానం చెప్పాడు. ఒకావిడైతే, "ఒంట్లో బాగాలేదా అన్నయ్యా?" అని అడిగింది కూడా.

నేను మిషను ఆపి ఆయన ముందు కూర్చున్నాను. "ఏమిటి బావా? నిచ్చెన ఎవరు?"

ఆయన లేచి, స్టూలు వేసుకుని, బూడిదరంగు సంచి దించి నా ఒళ్లో పెట్టాడు. జిప్పు లాగితే సగంలో విడిపోయింది. లోపల ఒక చేత్తో అల్లిన స్వెట్టరు. రంగు ఏమిటని చెప్పాలి? పసుపు కాదు, ఆకుపచ్చ కాదు, రెండూ కలిసి కుళ్లినట్టుంది. ఒక చెయ్యి ఇంకో చెయ్యి కంటే బెత్తెడు పొడుగు. నేను నవ్వబోయి ఆయన ముఖం చూసి మానుకున్నాను.

అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్లూ వేలం కథలో చెప్పని ముక్క.

నిచ్చెన అంటే ఆయన ప్రాణస్నేహితుడు. మంచం చివర కాళ్లు బయటికి వేలాడేంత పొడుగు. భార్య కడుపుతో ఉన్నప్పుడు, కాలక్షేపానికి కొత్తగా అల్లిక నేర్చుకుని, మొదట అల్లింది ఆ స్వెట్టరే. నిచ్చెన రోజూ అదే తొడుక్కునేవాడు. వేలానికి మాత్రం ఎప్పుడూ పనికిరాని సరుకే తెచ్చేవాడు. విరిగిన దువ్వెన, సబ్బుపెట్టె మూత. అదీ ఒక నవ్వే.

"ఆ పొద్దున కూడా దువ్వెనే తెచ్చాడురా. నేనెందుకో ఆ రోజు ఊపు మీదున్నాను. 'నీ ప్రాణం విలువ దువ్వెనా? స్వెట్టరు తియ్' అన్నాను. వాడు 'అది కుదరదురా, ఇంట్లో మాటిచ్చాను' అన్నాడు. ఇక చూస్కో. 'మాటిచ్చాడట! పెళ్లాం కొడుతుందట!' అని అందరూ మొదలుపెట్టారు. నేను ఆడగొంతుతో వాళ్లావిడలాగా ఏడ్చి చూపించాను. 'ఏమండీ, నా స్వెట్టరు, నా స్వెట్టరు' అని. పడీపడీ నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే విప్పి నా చేతికిచ్చాడు."

"తర్వాత?"

"వేలం పెట్టాను. ఒక్కడూ పాడలేదు. ఆ రంగుకు భయపడి శత్రువు పారిపోతాడేమో గానీ మనవాడెవడూ తొడుక్కోడన్నాను. చివరికి నేనే ఒక గ్లాసు టీకి పాడుకున్నాను. 'నా పెళ్లాం కష్టం ఒక్క గ్లాసు టీనా? సాయంత్రం వచ్చి నీ వీపు మీంచి ఊడదీస్తా చూడు' అన్నాడు. చేతులు రుద్దుకుంటూ వెళ్లాడు. ఆ పొద్దున చలి ఎక్కువ."

మధ్యాహ్నం కబురొచ్చింది. దారిలో పాతిపెట్టిన మందుపాతర. మా బావ, డాక్టరు, గురక, ఇంకొకతను స్ట్రెచరు పట్టుకుని వెళ్లారు. మా బావ ఒంటిమీద ఆ స్వెట్టరే ఉంది. కొండ దిగుతుంటే నిచ్చెన కాళ్లు స్ట్రెచరు దాటి వేలాడుతున్నాయి.

"అప్పుడు అన్నానురా" అన్నాడు బావ. జిగురు ఎండిన వేళ్లు గోకుతూ కూర్చున్నాడు. "'ఒరేయ్, నాకు టీ మిగిలింది' అన్నాను."

నాకు మొదట అర్థం కాలేదు. బాకీపడ్డ ఆ గ్లాసు టీ ఇక ఇవ్వక్కర్లేదని అన్నాడని కాసేపటికి తట్టింది.

"ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. గురకగాడు ఫక్కున నవ్వాడు. డాక్టరు నవ్వాడు. నేను నవ్వాను. ఎంత నవ్వామంటే, వాణ్ని కింద పెట్టాల్సి వచ్చింది. చేతుల్లో పట్టు లేదు. నవ్వి, నవ్వి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఎత్తుకున్నాం. శిబిరం దాకా ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకోలేదు. ఆ తర్వాత మేం వేలం వెయ్యలేదు."

నిచ్చెన సామాను సర్దిందీ ఈయనే. ప్రాణస్నేహితుడు సర్దాలి, అది అక్కడి పద్ధతి. కానీ నిచ్చెనను మోసుకొచ్చేటప్పుడు స్వెట్టరు తడిసింది. రక్తంతో ఎలా పంపుతాడు? ఉతికి పంపుదామనుకున్నాడు. ఆరేలోపు రేకుపెట్టెకు తాళం పడింది, వెళ్లిపోయింది. విడిగా పంపాలంటే ఏమని చెప్పి పంపాలి? తన దగ్గరికి ఎలా వచ్చిందని చెప్పాలి? ఆ నెల కాకపోతే వచ్చే నెల. ఆ ఏడు కాకపోతే మరుసటేడు. మరక పోయింది. సంచి పై అరలోకి చేరింది.

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆయన మీద ఎంతో నా మీదా అంతే. ఇన్నేళ్లూ ఆ కథ చెప్పించుకుని నవ్వినవాణ్ని నేనే కదా. నా మీది కోపం కూడా ఆయన మీదే కక్కాను. "చచ్చినవాణ్ని మోస్తూ నవ్వారా? మీరు మనుషులేనా? పైగా వాడి సొత్తు దుకాణంలో దాచుకున్నావు. తీసుకెళ్లి ఇచ్చెయ్ బావా. కాళ్ల మీద పడి చెప్పు. అప్పుడు గానీ నీకు నిద్రపట్టదు" అన్నాను.

ఇంటికెళ్లాక మా అక్కకు చెప్పాను, నా వైపు మాట్లాడుతుందని. ఆవిడకు ఇదంతా పెళ్లైన కొత్తలోనే తెలుసట. గిన్నె దించి నా వైపు తిరిగింది.

"నవ్వకపోతే అక్కడే కూలబడేవాళ్లురా వీళ్లు. కొండ దిగేవాళ్లు కాదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నువ్వు తీర్పు చెప్పకు. అయినా ఇచ్చెయ్యమంటున్నావు. ఇచ్చి ఈయన చేతులు దులుపుకుంటాడు. ఆవిడ చేతిలో ఏం పెడుతున్నారో చూసుకున్నారా?"

"నిజం పెడుతున్నాం."

"చాలా గొప్పవాడివి" అంది అక్క, పళ్లెం నా ముందు విసురుగా పెట్టి.

మా బావ ఇద్దరి మాటలూ విన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "చావు మీద జోకు తప్పు కాదే. వాడు కూడా మాతో కలిసి నవ్వగలిగినంతసేపూ అది జోకే. ఆ తర్వాత కూడా నేను ఆపలేదు. అక్కడే తేడా కొట్టింది" అన్నాడు. చెయ్యి తుడుచుకుని, "సంచి తీసుకెళ్తాను. అక్కడికెళ్లాక చూద్దాం" అన్నాడు.

భోజనానికి పిలిచిన రోజున నేనూ బయల్దేరాను, తోడని చెప్పి. నిజానికి ఆయన చెబుతాడో లేదో చూద్దామని. బస్సు దిగి, వీధి వెతుక్కుని, మెట్లెక్కాం. చిన్న ఇల్లు. ముందుగదిలో నాలుగు రకాల కుర్చీలు, పక్కిళ్ల నుంచి తెచ్చినట్టున్నాయి. గోడకు నిచ్చెన ఫోటో, బిగుసుకుని ఉన్నాడు. డాక్టరు, గురక అప్పటికే వచ్చేశారు. డాక్టరుకు జుట్టు పూర్తిగా పోయింది. గురక పెద్ద బొజ్జ పెంచి ఆయాసపడుతున్నాడు. ముగ్గురూ కావలించుకున్నారు గానీ, మా బావ చేతిలో సంచి చూడగానే డాక్టరు ముఖం మాడిపోయింది. అందులో ఏముందో వాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది?

నిచ్చెన భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుందట. ఉతికీ ఉతికీ చేతులు నానిపోయి ఉన్నాయి. కూతురు రక్తపరీక్షల ల్యాబులో కొత్తగా చేరింది. తండ్రి పొడుగే వచ్చింది, గుమ్మంలోకి వచ్చేటప్పుడు అలవాటుగా తల వంచుతోంది. మా బావ ఆ పిల్లను చూసి కుర్చీలో కూలబడ్డాడు. సంచి కుర్చీ కిందికి తోశాడు.

భోజనాల దగ్గర ఆ పిల్ల అడిగింది. "మావయ్యా, అందరూ మా నాన్న ధైర్యం గురించే చెప్తారు. ఫోటోలో చూస్తే అలా ఉన్నాడు. నాన్న నవ్వితే ఎలా ఉండేవాడో ఒక్కళ్లు కూడా చెప్పరు. మీరైనా చెప్పండి."

గురక మొదలుపెట్టాడు. డేరా పొడుగు చాలక నిచ్చెన తల బయట పెట్టి పడుకుంటే, పొద్దున్నే మంచు పట్టిన మీసాలతో లేచాడట. డాక్టరు ఇంకొకటి చెప్పాడు. పిల్ల కిలకిలా నవ్వుతోంది. వినే ప్రతి ముక్కకూ, అన్నం కలపడం మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తోంది. పుట్టకముందే పోయిన తండ్రి ఆ పిల్లకు ఆ గదిలోనే కొంచెం కొంచెంగా దొరుకుతున్నాడు.

అప్పుడు ఆవిడ కూర గిన్నెతో మా బావ దగ్గరికి వచ్చింది. "వేలం సారంటే మీరే కదన్నయ్యా?"

మా బావ తల వంచుకుని అవునన్నట్టు ఊపాడు.

"సెలవులో వచ్చినప్పుడు చెప్పి కడుపు పట్టుకుని నవ్వేవారు. నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయామనుకుని నవ్వుకునే ఆటేమిటండీ అన్నాను. 'నీకు తెలియదులే, అది లేకపోతే పొద్దున్నే బూట్లు తొడుక్కోబుద్ధి కాదు' అన్నారు. సరే, ఏమైనా పెట్టుకోండి గానీ నా స్వెట్టరు మాత్రం పెట్టొద్దని మాట తీసుకున్నాను." వడ్డిస్తున్న చెయ్యి ఆపి నవ్వింది. "అది మాత్రం పెట్టలేదు కదన్నయ్యా?"

గురక పళ్లెంలోకి చూస్తున్నాడు. డాక్టరు నీళ్లు తాగుతున్నాడు, గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉన్నాడు. నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. ఇంతకంటే మంచి సమయం రాదు, చెప్పెయ్ అని.

మా బావ తలెత్తాడు. ముఖం నిండా నవ్వు. దుకాణంలో నవ్వే నవ్వే.

"స్వెట్టరా? ముట్టుకోనిస్తేగా చెల్లెమ్మా! ఎన్నిసార్లడిగానో. 'చర్మం ఒలిచి వేలం వేసుకోండి గానీ దీని జోలికొస్తే ఊరుకోను' అనేవాడు. విరిగిన దువ్వెన తెచ్చేవాడు రోజూ. ఆ దువ్వెన మీద మాకు విసుగొచ్చేసింది."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. "నాకు తెలుసు" అంది. "ఆ వెచ్చదనంలోనే పోయారు. నాకు అదే చాలు." ఇంకో గరిటె కూర వేసింది. మా బావ అదంతా తిన్నాడు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

బయల్దేరేటప్పుడు పిల్ల, "ఇలా ఇవ్వండి మావయ్యా, కింద దాకా నేను తెస్తాను" అని కుర్చీ కింద సంచి అందుకుంది. మా బావ "వద్దమ్మా" అనేలోపే మెట్లు దిగుతోంది. డాక్టరూ గురకా లోపల చెప్పులు వెతుక్కుంటున్నారు. మేమిద్దరం వెనకాల పరిగెత్తాం. వీధిలోకి వచ్చేసరికి ఆ పిల్ల తన స్కూటరు పక్కన నిలబడిపోయి ఉంది. జిప్పు మధ్యలో విడిపోయింది. ఆ పొడుగు చెయ్యి బయటికి జారి వేలాడుతోంది.

"ఈ రంగు నాకు తెలుసు" అంది. "మిగిలిన ఊలుతో అమ్మ నాకు టోపీ అల్లింది. ఇంకా ఉంది నా దగ్గర."

మా బావ ఏదో ఒక జోకు చెప్పి దాటేస్తాడని నేను ఎదురుచూశాను. చెప్పలేదు. ఒక్క ముక్క దాచకుండా మొత్తం చెప్పాడు. దువ్వెన, ఆడగొంతు, ఒక గ్లాసు టీ. మోస్తూ తను అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నేను మోచేత్తో పొడిచాను. అది వద్దు బావా, అది ఒక్కటీ వద్దు. ఆయన అదీ చెప్పాడు. చెప్పమని చెవిలో జోరీగలా పోరినవాణ్ని, అక్కడ నిలబడి ఆపడానికి చూశాను.

ఆ పిల్ల ఏడవలేదు. స్వెట్టరు పొడుగు చెయ్యిని వేళ్లకు చుట్టుకుంటూ విప్పుతూ విన్నది.

"నవ్వారా?"

"నవ్వాం."

"ఆయనకు చలేసిందా?"

మా బావ తలూపాడు.

పైనుంచి ఆవిడ గొంతు వినబడింది. వసారా పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తోంది. "ఏంటే అక్కడ? వాళ్లకు బస్సు తప్పిపోతుంది!"

ఆ పిల్ల చూపు తిప్పకుండానే చేతులు కదిపింది. స్కూటరు సీటు ఎత్తింది, స్వెట్టరు లోపల కుక్కింది, సీటు మూసి తాళం వేసింది. ఖాళీ సంచి మా బావ చేతిలో పెట్టింది. అప్పుడు తలెత్తి పైకి చూసి నవ్వింది. తెల్లగా, పళ్లన్నీ కనబడేలా.

"ఏం లేదమ్మా! మావయ్య జోకు చెప్తున్నారు!"

"ఏం జోకే? నాకూ చెప్పు!"

"తర్వాత చెప్తాలే!"

ఆ నవ్వు అలాగే ఉంచి, మా బావ వైపు తిరిగి, మెల్లగా అంది. "అమ్మకు చెప్పను. మీరు ఇక రావద్దు మావయ్యా."

పైకి చెయ్యి ఊపి మేం నడిచాం. బస్సులో మా బావ ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా దూరం వచ్చాక అన్నాడు. "ఆ నవ్వు చూశావా? సరిగ్గా మేం నవ్వినట్టే నవ్విందిరా. ఇన్నాళ్లూ నేను దాచాను. ఇక ఆ పిల్ల దాచాలి, అదే ఇంట్లో, వాళ్లమ్మ ఎదురుగా."

నిజం పెడుతున్నాం అన్నది నేనే కదా. చేతిలో ఏం పెడుతున్నామో అక్క అడిగింది, నేను వినలేదు. ఇంటికెళ్లాక ఏమైందని అడిగితే, ఇచ్చేశామని మాత్రం చెప్పాను. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసి మళ్లీ అడగలేదు.

మర్నాడు దుకాణంలో మా బావ మొదట చేసిన పని ఆ సంచి జిప్పు మార్చడం. కొత్త జిప్పు, కొత్త దారం. మార్చి, అమ్మకానికి కొక్కేనికి తగిలించాడు. తర్వాత ఎవరో అడుగు చిరిగిన బ్యాగు తెస్తే జిగురు పూయడం మొదలుపెట్టాడు. అప్పుడు ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు. అలవాటుగా మణికట్టుతో నొక్కి, పీట మీదే వదిలేశాడు.

"అన్నయ్యా, క్షేమంగా చేరారా?" ఆవిడ గొంతు. దుకాణమంతా వినబడుతోంది. "మీరొచ్చి వెళ్లాక ఇల్లు కళకళలాడిపోయింది. అంతగా నవ్వి ఎన్నాళ్లైందో. కానీ ఆ జోకేమిటో మీరే చెప్పాలి. పిల్లను అడిగితే నవ్వుతుందే తప్ప చెప్పదు. రాత్రంతా అడిగాను. పోనీ మీరు చెప్పండి."

బ్యాగు తెచ్చినాయన కూడా నవ్వుముఖం పెట్టుకుని వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు. మా బావ జోకులు ఆ సందులో అందరికీ తెలుసు. ఆయన నా వైపు చూశాడు, ఏదో ఒకటి అందించమన్నట్టు. ఇన్నేళ్లు పక్కన కూర్చుని ఆయన జోకులు ఎన్ని విన్నానో, ఒక్కటీ గుర్తుకు రాలేదు నాకు. జిగురు ఆయన వేళ్ల మీద ఎండిపోతోంది.

"హలో? అన్నయ్యా? వినబడుతోందా?" అంటోంది ఆవిడ, ఇంకా నవ్వుతూనే.